షెరటన్ హోటల్లో వేగులవారు

గూఢచారి అనగానే మన తెలుగువారి మనసులో రెండు బొమ్మలు మెదులుతాయి. మొదటిది సాహసవంతుడి బొమ్మ. 1966లో వచ్చిన ‘గూఢచారి 116’ చిత్రంలో కృష్ణ గారు ఆ వేషం కట్టి కుర్రకారును ఉర్రూతలూగించారు. రెండవది తికమక మనిషి బొమ్మ. 1986లో జంధ్యాల గారు తీసిన ‘చంటబ్బాయ్’లో చిరంజీవి గారి డిటెక్టివు తనను తాను జేమ్స్‌బాండుకు సాటి అనుకుంటూ కడుపుబ్బ నవ్వించాడు. ఈ దేశంలో పెరిగినవారికి అమెరికా టెలివిజన్ వారి ‘గెట్ స్మార్ట్’ కూడా పరిచయమే. అందులో మాక్స్‌వెల్ స్మార్ట్ బూటు విప్పి చెవికి ఆనించుకొని టెలిఫోను మాట్లాడుతుంటే నవ్వని ఇల్లు లేదు.

తెర మీద తికమక గూఢచారి మనకు ఇష్టుడు. అతడు పగలగొట్టిన తలుపు అట్టతో చేసినది, అతని చేతిలోని తుపాకి ఉత్తుత్తిది. ఆట అయిపోగానే ఎవరి దారిన వారు ఇళ్ళకు పోవచ్చు. అదే తికమక నిజమైన ఊళ్ళో, నిజమైన ఆయుధాలతో, ఏమీ తెలియని జనం మధ్య జరిగితే? అటువంటి సంఘటన ఎక్కడో కాదు, మన మెల్బోర్న్ నగరంలోనే 1983వ సంవత్సరం నవంబరు 30వ తేదీన జరిగింది. చదివితే మొదట నవ్వు వస్తుంది. కొంచెం ఆలోచిస్తే, ఈ దేశంలో కాపురముంటున్న మనందరికీ దానిలో తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉన్నదని బోధపడుతుంది.

వేగు మనకు కొత్త కాదు

మన పూర్వులు గూఢచారిని ‘వేగు’ అనీ, ‘వేగులవాడు’ అనీ, ‘చారుడు’ అనీ పిలిచారు. రాజుకు చారులే కన్నులని మన నీతిశాస్త్రాల మాట. కౌటిల్యుడు తన అర్థశాస్త్రంలో వేగులవారికి సన్యాసి, వర్తకుడు, గృహస్థు, భిక్షుకి మొదలైన వేషాలు ఎన్నో చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. ఒకరినొకరు ఎరగని ముగ్గురు వేగుల మాట ఒక్కటైతేనే దానిని నమ్మాలని నియమం పెట్టాడు. అంటే వేగువాడు కూడా పొరబడతాడని, అతని మీద కూడా ఒక కన్ను వేసి ఉంచాలని ఆయనకు తెలుసునన్నమాట.

పొరబడ్డ వేగులవారి కథ రామాయణంలోనే ఉన్నది. వారధి దాటి వచ్చిన వానరసేన బలాబలాలు తెలుసుకొని రమ్మని రావణుడు శుకుడు, సారణుడు అనే ఇద్దరిని పంపించాడు. వారు వానర రూపాలు ధరించి సేనలో దూరారు. విభీషణుడు ఇట్టే గుర్తుపట్టి పట్టుకున్నాడు. ప్రాణాల మీద ఆశ వదులుకొని నిలబడ్డ ఆ ఇద్దరినీ చూసి రాముడు నవ్వి, చూడవలసినదంతా చూసి ఉంటే వెళ్ళండి, ఇంకా చూడవలసినది ఉంటే విభీషణుడే దగ్గరుండి చూపిస్తాడు అన్నాడు. వారు లంకకు తిరిగివెళ్ళి కన్నది కన్నట్లు చెబితే రావణుడు మండిపడి కొలువులోంచి వెళ్ళగొట్టాడు.

ఈ కథలో వేగుల తెలివితక్కువతనం చిన్న విషయం. అది బయటపడ్డప్పుడు ఏలినవారు ఎలా నడుచుకున్నారన్నది పెద్ద విషయం. ఒకరు ధర్మంగా నడుచుకున్నారు, ఒకరు నిజం వినలేక మండిపడ్డారు. షెరటన్ హోటలు ఉదంతాన్ని కూడా ఈ త్రాసులోనే తూచి చూడాలి.

ఉన్నదో లేదో తెలియని సంస్థ

ఆస్ట్రేలియాలో ఇటువంటి సంస్థలు ప్రధానమైనవి రెండు. 1949లో చీఫ్లీ ప్రభుత్వం స్థాపించిన ‘ఏసియో’ దేశం లోపలి భద్రత చూస్తుంది. 1952లో మెన్జీస్ ప్రభుత్వం స్థాపించిన ‘ఏసిస్’ విదేశాలలో సమాచారం సేకరిస్తుంది. పేర్లు కవల పిల్లల పేర్లలా ఉన్నా పనులు వేరు.

ఈ రెండవ సంస్థను పార్లమెంటు చట్టం ద్వారా కాక, ప్రభుత్వం లోలోపల జారీ చేసిన ఉత్తరువు ద్వారా ఏర్పాటు చేశారు. చాలాకాలం వరకు ఇటువంటిదొకటి ఉన్నదని సామాన్య ప్రజలకే కాదు, ప్రభుత్వంలోని చాలామందికి కూడా తెలియదు. 1972లో పత్రికలకు పొక్కింది. 1977లో ఫ్రేజర్ ప్రధానిగా ఉండగా పార్లమెంటులో మొదటిసారి ఔను, ఉన్నది అని ఒప్పుకున్నారు. పాతికేళ్ళు అజ్ఞాతవాసం చేసిన ఈ సంస్థ, ఆ తరువాత ఆరేళ్ళకు ఒక్క సాయంత్రంలో దేశమంతటికీ తెలిసిపోయింది. ఆ తెలిసిన తీరే మన కథ.

ఆ సాయంత్రం జరిగినది

విక్టోరియా రాష్ట్ర పార్లమెంటు భవనం ఉన్న స్ప్రింగ్ స్ట్రీట్‌లోనే ఆనాటి షెరటన్ హోటలు ఉండేది. ఏసిస్ వారు తమ కొత్తవారికి శిక్షణగా ఒక ఉత్తుత్తి ఘట్టం తయారు చేశారు. విదేశీ గూఢచారులు ఒక మనిషిని హోటలు గదిలో బంధించి ఉంచినట్లు, వీరు వెళ్ళి విడిపించి తీసుకువచ్చినట్లు నాటకం. పాల్గొన్నది మూడు వారాల శిక్షణ పొందిన కొత్తవారు. పథకం వేసుకోవడంలోనూ, అమలు జరపడంలోనూ వారికి చాలా స్వేచ్ఛ ఇచ్చారు. అన్నీ సిద్ధం చేసుకున్నారు గాని ఒక్కటి మరచారు. హోటలు వారికి చెప్పలేదు. పోలీసులకూ చెప్పలేదు.

పదవ అంతస్తులో ‘బందీ’ ఉన్న గది తలుపు తట్టారు. లోపలివారు తీయలేదు. అప్పుడు సమ్మెటలు తీసుకొని ఆ తలుపును బద్దలు కొట్టారు. ఆ చప్పుడుకు హడలిపోయిన ఒక అతిథి ఫిర్యాదు చేస్తే, హోటలు మేనేజరు ఏమిటో చూద్దామని లిఫ్టులో పైకి వెళ్ళారు. వేగులలో ఒకడు ఆయనను తిరిగి లిఫ్టులోకి నెట్టి, తనూ ఎక్కి, కిందికి తీసుకువచ్చి హాల్లోకి తోసివేశాడు. ఆ పెద్దమనిషికి తోచినది ఒక్కటే, హోటల్లో దోపిడీ దొంగలు పడ్డారని. ఆయన వెంటనే పోలీసులకు ఫోను చేశారు.

ఇంతలో లిఫ్టు మళ్ళీ కిందికి దిగింది. ముఖాలకు ముసుగులు వేసుకొని, పిస్తోళ్ళు, చిన్న మెషీన్ గన్నులు చేతపట్టుకొని మనుషులు బిలబిలమంటూ బయటికి వచ్చారు. హాలు దాటి, వంటశాలలోంచి దూసుకుపోయి, వెనుక తలుపు దగ్గర సిద్ధంగా ఉంచుకున్న రెండు కార్లు ఎక్కారు. పోలీసులు ఒక కారును ఆపి అందులోనివారిని అరెస్టు చేశారు. మీరెవరు అని అడిగితే నోరు విప్పలేదు. దొంగకు తేలు కుట్టినట్లు అని మన సామెత. ఇక్కడ కుట్టించుకున్నది దొంగలు కాదు, దొరగారి మనుషులే. అయినా నొప్పి అన్నట్లే, అరవలేనట్లే!

ఇంతవరకు ఇది జంధ్యాల గారి సినిమాకు తగిన కథ. మరొక వైపు నుంచి చూడండి. తుపాకి చూసిన హోటలు ఉద్యోగులకు అది నాటకమని ఎవరు చెప్పారు? ఆ సమయంలో అక్కడికి వచ్చిన పోలీసులు ముసుగు మనుషుల చేతుల్లోని ఆయుధాలు చూసి కాల్పులు జరిపి ఉంటే? భయపడి పారిపోబోయిన ముసలివారెవరైనా కిందపడి ఉంటే? ఎవరి ప్రాణమూ పోకపోవడం అదృష్టమే గాని ఆ పథకం వేసినవారి ప్రజ్ఞ కాదు.

ఏలినవారు ఏం చేశారు?

ఆనాడు ప్రధాని బాబ్ హాక్. విదేశాంగ మంత్రి బిల్ హేడన్. గూఢచార సంస్థల మీద విచారణ జరపడానికి ఆ సంవత్సరమే జస్టిస్ రాబర్ట్ హోప్ గారి నాయకత్వంలో రాయల్ కమిషను ఏర్పడి ఉన్నది. షెరటన్ సంగతి కూడా ఆయనకే అప్పగించారు. శిక్షణను సరిగా ఆలోచించి వేయలేదు, సరిగా సిద్ధం చేయలేదు, సరిగా పర్యవేక్షించలేదు అని ఆయన తేల్చారు. ఆ నివేదిక 1984 ఫిబ్రవరిలో బయటికి వచ్చింది. సంస్థ అధిపతి జాన్ రయన్ పదవికి రాజీనామా చేశారు. హోటలు వారూ, ఉద్యోగులూ దావా వేస్తే పరిహారం ఇచ్చి రాజీ చేసుకున్నారు.

అసలు చిక్కు ఇంకొకటి వచ్చింది. విక్టోరియా పోలీసులు నేర విచారణ కోసం ఆ వేగుల అసలు పేర్లు అడిగారు. వేగులవాడి పేరు బయట పడితే అతని పని ముగిసినట్లే. పేర్లు రహస్యంగా ఉంచుతామని ప్రభుత్వం మాకు మాట ఇచ్చింది, ఆ మాట తప్పరాదు అని వేగులు హైకోర్టుకు వెళ్ళారు. పేర్లు చెప్పరాదు గనుక వాది పేరు ఒక్క అక్షరంతో వ్రాశారు. అందుకే న్యాయశాస్త్ర గ్రంథాలలో ఆ వ్యాజ్యం ‘ఏ వర్సెస్ హేడన్’ అని ప్రసిద్ధికెక్కింది.

1984లో హైకోర్టు తీర్పు చెప్పింది. నేరం జరిగిందని విచారిస్తున్నప్పుడు, దోషుల పేర్లు దాచిపెడతామన్న ఒప్పందాన్ని కోర్టు అమలు జరపదు. పైవారి ఆజ్ఞ ప్రకారం చేశామన్నది నేరానికి సమాధానం కాదు. చట్టాన్ని మీరవచ్చునని తన ఉద్యోగులకు అనుమతి ఇచ్చే అధికారం ప్రభుత్వానికి లేదు. టూకీగా ఆ తీర్పు సారాంశం ఇది. సినిమా జేమ్స్‌బాండుకు మనుషులను చంపడానికి కూడా లైసెన్సు ఉంటుంది. ఆస్ట్రేలియా వేగుకు హోటలు తలుపు పగలగొట్టడానికి కూడా లైసెన్సు లేదని హైకోర్టు చెప్పినట్లయింది.

ఇంతా చేసి, కడకు ఎవరికీ శిక్ష పడలేదు. నేరాలు జరిగిన మాట నిజమే గాని, ఎవరు ఏది చేశారో నిరూపించడానికి సాక్ష్యం చాలదని విక్టోరియా ప్రాసిక్యూషన్ అధికారి 1985లో తేల్చారు. ముసుగులు ఆ మాత్రం పనికి వచ్చాయన్నమాట! అయినా ఆ సాయంత్రం ఫలితం అక్కడితో ఆగలేదు. ఆ సంస్థకు ఆయుధాలతో పని వద్దని నిర్ణయించారు. 1986లో ఈ సంస్థలన్నిటినీ తనిఖీ చేసే ఇన్స్‌పెక్టర్ జనరల్ పదవిని చట్టం ద్వారా ఏర్పాటు చేశారు. 2001లో ఏసిస్‌కు కూడా ఒక చట్టం వచ్చింది. పుట్టిన దాదాపు యాభై ఏళ్ళకు అన్నమాట. విదేశాలలో ఆత్మరక్షణ కోసం ఆయుధం ఉంచుకోవచ్చునని 2004లో సవరణ చేశారు గాని, దానికీ హద్దులు పెట్టారు.

మనకు ఇందులో ఏమున్నది?

ఇదంతా తెల్లవారి హోటలు, తెల్లవారి గూఢచారులు, మనకెందుకు అని అనుకోవచ్చు. 2007 జూలైలో జరిగినది గుర్తు తెచ్చుకుంటే అలా అనుకోలేము. భారతదేశం నుంచి వచ్చి క్వీన్స్‌లాండ్‌లో పనిచేస్తున్న ఒక యువ వైద్యుణ్ణి బ్రిటన్‌లో జరిగిన ఉగ్రవాద దాడితో సంబంధం ఉన్నదనే అనుమానంతో ఫెడరల్ పోలీసులు నిర్బంధించారు. ఆయన చేసిందల్లా ఆ దేశం వదిలి వచ్చేటప్పుడు తన సిమ్ కార్డును ఒక బంధువుకు ఇచ్చి రావడం. ఆ కార్డు గ్లాస్గోలో దాడికి వాడిన వాహనంలో దొరికిందని కోర్టులో చెప్పారు. నిజానికి అది ఎంతో దూరాన లివర్‌పూల్‌లో దొరికింది. అభియోగం మోపకుండా 12 రోజులు ఉంచారు. మోపిన అభియోగం రెండు వారాలైనా నిలవలేదు. 2008లో విచారణ సంఘం ఆయన నిర్దోషి అని తేల్చింది. 2010లో ప్రభుత్వం పరిహారం చెల్లించింది.

ఇక్కడ పొరబడినది వేగులవారు కాదు, పోలీసులు. కాని రెండు ఉదంతాలలోనూ పాఠం ఒక్కటే. రహస్యంగా పనిచేసే అధికారం చేతిలో ఉన్నవారు తికమక పడితే దెబ్బ తగిలేది ఏమీ ఎరగని మనిషికి. ఆ మనిషి హోటలు మేనేజరు కావచ్చు, ఆస్పత్రిలో రోగులను చూసుకుంటున్న డాక్టరు కావచ్చు, రేపు మనలో ఎవరైనా కావచ్చు. అటువంటప్పుడు ఆదుకునేవి న్యాయవాది, న్యాయస్థానం, పత్రిక, భయపడకుండా ప్రశ్నించే పౌరుడు. ఆ సాయంత్రం మేనేజరు గారు ఎందుకొచ్చిన గొడవ అని తన గదిలో తలుపు వేసుకొని కూర్చుంటే, హైకోర్టు తీర్పూ లేదు, తనిఖీ అధికారీ లేడు.

మన ఇళ్ళలో పెద్దలు పిల్లలకు తరచు చెప్పే మాట ఒకటున్నది: “పరాయి దేశం, మనకెందుకు, తల వంచుకొని పోవాలి.” వలస వచ్చిన తొలి తరానికి ఆ జాగ్రత్త అవసరమై ఉండవచ్చు. ఇక్కడే పుట్టిన పిల్లలకు ఇది పరాయి దేశం కాదు. ఈ చట్టాలు వారివి, ఈ కోర్టులు వారివి, తప్పు జరిగితే ఇది తప్పు అని అడిగే హక్కు కూడా వారిదే. మన పిల్లలలో న్యాయశాస్త్రం చదువుతున్నవారు ఉన్నారు, ప్రభుత్వోద్యోగాలలో ఉన్నవారూ ఉన్నారు. రేపు ఏ రహస్య కార్యాలయంలోనైనా తెలుగు అమ్మాయి ఒక బల్ల దగ్గర కూర్చోవచ్చు. ఆమెకు కౌటిల్యుడి జాగ్రత్తా తెలియాలి, జస్టిస్ హోప్ గారి నివేదికా తెలియాలి.

తెర మీది తికమక గూఢచారిని చూసి హాయిగా నవ్వుకుందాం. అసలైన గూఢచారి తికమక పడినప్పుడు కూడా నవ్వుకుందాం, తప్పులేదు. నవ్వి ఊరుకోకుండా, రాముడి కొలువులా జరిగిందా, రావణుడి కొలువులా జరిగిందా అని అడగడం మాత్రం మానవద్దు.