వీరేశలింగముగారి ప్రహసనములు



కందుకూరి వీరేశలింగము పంతులుగారి (1848–1919) ప్రహసనముల సంపుటమును ఈ నడుమ మా బాన్సువాడలో నలుగురు పెద్దల యెదుట చదివితిని. అభిప్రాయములు చీలినవి. "ఇప్పటికిని కడుపుబ్బ నవ్వించుచున్నవి" అని యొకరు. "రెండు చాలును, అన్నియు నొక్కచో వినిన నదే మందలింపు మాటిమాటికి తగులుచున్నది" అని వేఱొకరు.

రెండవ మాటయు నిజమే. ఇవి గ్రంథముగా వరుసగ చదువుటకై పుట్టినవి కావు. పంతులుగారు 1874లో వివేకవర్ధనిని, 1876లో హాస్యసంజీవనిని నెలకొల్పి, ఏనాటి దురాచారమును ఆనాడే యెత్తిపొడిచిరి. వృద్ధుడు పసిపిల్లను పెండ్లాడుట "బ్రహ్మవివాహము"న నవ్వులపాలైనది. న్యాయస్థానముల వంచనను జూపు "వ్యవహారధర్మబోధిని"ని 1880లో రాజమహేంద్రవరమున వారి శిష్యులే యాడిరి.

పాత్రలు వాడుకభాషనే పలుకును. కావ్యములు వల్లించి పెరిగిన నాకు తొలుత నది రుచింపలేదు. అయినను, నిఘంటువులకెక్కని ఆనాటి యింటిమాట, వీధిమాట అందు నిలిచియున్నవని పిదప తెలిసికొంటిని.

బ్రహ్మవివాహము ముగియగానే, అంతవఱకు మాటాడని యొక పెద్దాయన యిట్లనెను: "మా మేనత్తను పదవయేట నొక ముసలివాని కిచ్చిరి. ఇరువదేండ్లు నిండకముందే పుట్టింటికి తిరిగివచ్చినది. నాకు నవ్వు రాలేదు, అయ్యవారూ." ఎవరును బదులాడలేదు. అంతకుముందు నవ్విన మేమును తలలు వంచుకొంటిమి.

పంతులుగారు కోరినది ఆ నవ్వును, పిదప ఈ మౌనమును గూడ ననుకొందును. మీ యూరను నొక ప్రహసనము చదివింపుడు. ఎచ్చట నవ్వుదురో, ఎచ్చట మానుదురో గమనింపుడు.