స్ట్రెస్ ఫ్రాక్చర్: ఎక్స్‌రేలో దొరకని పగులు.. సింధును నెలల పాటు ఆపేసింది ఇదే!

2022 ఆగస్టు 8. బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ గేమ్స్ ఫైనల్లో కెనడా ప్లేయర్ మిషెల్ లీని ఓడించి పీవీ సింధు గోల్డ్ కొట్టింది. కానీ క్వార్టర్ ఫైనల్ నుంచే కాలు నొప్పి. హైదరాబాద్ వచ్చి ఎంఆర్‌ఐ తీయిస్తే ఎడమ పాదంలో స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది. దాంతో టోక్యో వరల్డ్ ఛాంపియన్‌షిప్ మిస్సయింది. మళ్లీ టోర్నీ ఆడింది 2023 జనవరిలో, మలేషియా ఓపెన్‌లో.

ఇంతకీ ఏంటీ ఫ్రాక్చర్? కింద పడితేనో, దెబ్బ తగిలితేనో వచ్చేది కాదు. పరిగెత్తినప్పుడల్లా ఎముక సూక్ష్మంగా దెబ్బతింటుంది. రెస్ట్ ఇస్తే తనంతట తనే రిపేర్ చేసుకుంటుంది. పరుగు, జంప్‌లు ఒక్కసారిగా పెంచేస్తే ఆ రిపేర్‌కి టైమ్ చాలదు. సన్నటి పగులు మొదలవుతుంది. మోకాలి కింద ముందువైపు ఎముక, పాదంలోని సన్నటి ఎముకల్లో ఇది ఎక్కువ. ఫాస్ట్ బౌలర్లకైతే నడుంలో వస్తుంది. 2019లో బుమ్రా సౌతాఫ్రికాతో టెస్టులకు దూరమైంది దీనివల్లే.

స్టార్ ప్లేయర్లకే అనుకోవద్దు. అసలు ఈ సమస్యను 1855లోనే కవాతు చేసే ప్రష్యా సైనికుల పాదాల్లో గుర్తించారు. అందుకే దీన్ని మార్చ్ ఫ్రాక్చర్ అని కూడా అంటారు. మన దగ్గర కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడగానే 1600 మీటర్ల కోసం తెల్లారుజామున తారు రోడ్డెక్కే కుర్రాళ్లకూ ఇదే రిస్క్. ఏడాదంతా కూర్చుని చదివి, నెల రోజుల్లో పరుగు అందుకోవాలని చూస్తారు. ఊపిరి, కండరాలు త్వరగానే అలవాటుపడతాయి. ఎముకకే టైమ్ పడుతుంది.

గుర్తుపట్టడం ఎలా? పిక్క ముందు భాగమంతా పొడుగునా లాగుతుంటే అది ఎక్కువగా షిన్ స్ప్లింట్స్ అవుతుంది. అలా కాకుండా ఒకేచోట వేలు పెట్టి నొక్కితే ప్రాణం పోయేలా ఉందంటే అనుమానించాలి. మొదట్లో పరిగెత్తితేనే నొప్పి, ఆగితే తగ్గుతుంది. ముదిరితే నడిచినా, పడుకున్నా వదలదు.

చాలామంది మోసపోయేది ఎక్స్‌రే దగ్గరే. మొదటి రెండు మూడు వారాలు పగులు అందులో కనిపించకపోవచ్చు. 'ఏం లేదులే' అనుకుని, పెయిన్ కిల్లర్ వేసుకుని మళ్లీ గ్రౌండ్‌కి వెళ్లిపోతారు. పగులు కాస్తా పూర్తిగా విరుగుతుంది. నొప్పి తగ్గకపోతే ఎంఆర్‌ఐ అవసరమా అని డాక్టర్‌ని అడగండి. ముఖ్యంగా పరిగెత్తేటప్పుడు గజ్జల్లో నొప్పి వస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు. తుంటి దగ్గర తొడ ఎముక పగిలి పక్కకు జరిగితే ఆపరేషన్ తప్పదు.

అమ్మాయిల విషయంలో ఇంకో సంగతి. బరువు తగ్గాలని తిండి మానేసి ప్రాక్టీస్ చేస్తే పీరియడ్స్ ఆగిపోవచ్చు. ఫిట్‌నెస్ పెరిగింది కాబట్టే అలా అయిందని కొందరు లైట్ తీసుకుంటారు, అది తప్పు. శరీరానికి శక్తి చాలట్లేదు, ఎముక బలహీనపడుతోందని దానర్థం. విటమిన్ డి, కాల్షియం తక్కువైనా ఇబ్బందే.

చాలా కేసుల్లో ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు ఆపితే పగులు అతుక్కుంటుంది. పాదంలో కొన్ని ఎముకలకు రక్తసరఫరా తక్కువ, అక్కడైతే ఇంకా ఎక్కువే పడుతుంది. డాక్టర్ ఓకే అంటే ఈలోగా ఈత, సైక్లింగ్ చేసుకోవచ్చు. నొప్పి లేకుండా నడవగలిగాకే జాగింగ్, అదీ రోజు విడిచి రోజు.