మూడో అంతస్తు నుంచి డయాలిసిస్ దాకా

తెల్లవారుజామున అయిదున్నర. సూరత్‌లో గోడాదరా వైపు ఒక సొసైటీ, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. సాయం పట్టడానికి వచ్చి గుమ్మంలో మీరు నిలబడి ఉన్నారు. లోపల చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలో పెద్దాయన కూర్చున్నాడు. సిరిసిల్ల నుంచి వచ్చి, ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లూ ఈ ఊళ్లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిన మనిషి. షుగర్ ముందు కుడికాలిని మోకాలి కింద తీసుకుంది, తర్వాత కిడ్నీలను. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున ఏడింటికల్లా డయాలిసిస్ మిషన్ పక్కన ఉండాలి. ఇవాళ సోమవారం.

కొడుకు పాత పాలిస్టర్ చీరను నాలుగు మడతలు వేశాడు. తండ్రి నడుం చుట్టూ, కుర్చీ వీపు చుట్టూ కలిపి తిప్పి, ముడిని పొట్ట మీద పడకుండా పక్కకి జరిపి బిగించాడు. లాగి చూశాడు. మళ్లీ బిగించాడు.

"అన్నా, మీరు కాళ్ల దిక్కు పట్టుకోండ్రి. ఎడమ చెయ్యి మాత్రం ముట్టద్దు."

ఆ చేతికి మోచేతి దగ్గర ఫిస్టులా ఉంది. ధమనినీ సిరనూ కలిపి కుట్టిన చోటు అది. వేలు ఆనిస్తే చర్మం కింద నెత్తురు అదురుతూ పరుగెత్తడం తెలుస్తుంది. డయాలిసిస్ సూదులు గుచ్చేది అక్కడే. ఆ చేయి పట్టి లాగినా, దాని మీద బరువు పడినా ఫిస్టులా మూసుకుపోవచ్చు. అప్పుడు మళ్లీ ఆపరేషన్, కొత్త దారి, వారాల నిరీక్షణ. కొత్తగా సాయానికి వచ్చినవాళ్లు ఎవరైనా ముందు అందుకునేది చేయినే. మనసు మంచిదైతే చాలదు, విషయం తెలిసి ఉండాలి.

కుర్చీ వెనక్కి వాలింది. వీపు వైపు కొడుకు, పై మెట్టు మీద. ముందు కాళ్లు పట్టుకుని కింది మెట్టు మీద మీరు. మీరు వెనక్కి నడుస్తూ దిగాలి. మీ వెనక ఆ ఇంటి పెద్దావిడ సెల్‌ఫోన్ లైటు పట్టుకుని మెట్లు చెబుతోంది. "ఇంక నాలుగు... మూడు... ఆగుండ్రి, మలుపు."

మలుపులో ఎవరిదో సైకిలు, చెప్పుల స్టాండు. కుర్చీ తిరగడానికి చోటు లేదు. రెండు వైపులా ఒకేసారి ఎత్తి రెయిలింగ్ మీదుగా తిప్పాలి. బరువు మీ ముంజేతుల్లోకి దిగుతోంది. సరిగ్గా అప్పుడే పెద్దాయన కుడిచేయి రెయిలింగ్ కోసం చాచాడు. పడిపోతామేమో అనిపిస్తే ఎవరి చేయి అయినా అలాగే వెళ్తుంది.

"బాపూ, చెయ్యి లోపటికి!"

చేయి ఒడిలోకి వచ్చింది. ఆయన రెయిలింగ్ పట్టుకుని ఉంటే కుర్చీ ఒక వైపుకు ఒరిగి ముగ్గురూ కలిసి పడేవాళ్లు. పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. ఇంకా రెండు అంతస్తులు ఉన్నాయి.

ఈయనకు ఊపిరి అందకపోతే ఇదే ఇంటికి 108 వస్తుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో పుట్టి, 2007లో గుజరాత్‌కు వచ్చిన సేవ అది. కాన్పయిన తల్లినీ బిడ్డనూ ఇంటికి చేర్చడానికి ఈ రాష్ట్రంలో ఖిల్‌ఖిలాట్ బండ్లు ఉన్నాయి. రెండూ నిజంగా గొప్ప ఏర్పాట్లు. కానీ ఈ సోమవారం పొద్దున పెద్దాయనకు ప్రాణం మీదికి రాలేదు. రాకుండా ఉండటానికే వెళ్తున్నాడు. ఆ ప్రయాణానికి ఈ ఇంట్లో ఎవరికీ తెలిసిన నంబరు లేదు. ప్రైవేటు అంబులెన్సు దొరుకుతుంది గానీ, వారానికి మూడుసార్లు దాన్ని పిలిచే స్తోమత సాంచాల కూలితో రాదు.

కింద రిక్షా సిద్ధంగా ఉంది. సూరత్‌లో ఆటోను రిక్షా అనే అంటారు. నడిపేది ఖాందేశ్ వైపు నుంచి వచ్చిన మరాఠీ మనిషి. పెద్దాయనను "కాకా" అంటాడు. తెలుగు నాలుగు ముక్కలే వచ్చు, కానీ ఈ పని పూర్తిగా వచ్చు. ముందు వీపు లోపలికి, తర్వాత నడుం, ఆ తర్వాత కాలు. తల పైరేకుకు తగలకుండా తన అరచేయి అడ్డం పెట్టాడు. సీటు చివర మడత దుప్పటి పెట్టి, తెగిన కాలి కొసను దాని మీద ఆనించాడు. ఎవరూ చెప్పలేదు. మొదట్లో ఒకసారి బ్రేకు వేసినప్పుడు ఆ కాలు ముందు కడ్డీకి తగిలిందట, అప్పటి నుంచి ఈ దుప్పటి.

పర్వత్ పాటియా దాటి పుణా-కుంభారియా రోడ్డు. రాత్రి పాళీ దిగినవాళ్లు టీ బండ్ల దగ్గర నిలబడి ఉన్నారు. మోడల్ టౌన్ వైపు మెట్రో పనుల రేకులు రోడ్డును సగం మింగేశాయి. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా డ్రైవరు బండిని ఏటవాలుగా తిప్పి ఒక్కో చక్రాన్నీ విడిగా ఎక్కిస్తున్నాడు. ఈ చుట్టుపక్కల బీఆర్‌టీఎస్ బస్సులు తిరుగుతాయి. స్టాపు అరుగూ బస్సు నేలా ఒకే ఎత్తు, చక్రాల కుర్చీకి చక్కగా సరిపోతుంది. అయితే ఆ అరుగు దాకా చేరడమెలా? మూడో అంతస్తు నుంచి రోడ్డు దాకా ఉన్న దూరాన్ని ఏ బస్సు పథకమూ లెక్కలోకి తీసుకోదు.

ఉమర్‌వాడాలో బాంబే మార్కెట్ ఎదురుగా కార్పొరేషన్ వారి స్మిమేర్ ఆసుపత్రి దాటారు. చీరల పార్సిళ్ల టెంపోలు ఇంకా రాలేదు. ఎనిమిది దాటితే ఇక్కడ కదలలేం. పొద్దున్నే బయల్దేరడానికి అదీ ఒక కారణం. సహారా దర్వాజా దాటాక డయాలిసిస్ సెంటరు. ఏడుకు పది నిమిషాలు తక్కువ.

బరువు చూశారు. శుక్రవారం ఇంటికి వెళ్లినప్పటికన్నా మూడు కిలోలు ఎక్కువ. అదంతా నీరే. మిగతా విరామాలు ఒక్కో రోజువి, ఇది రెండు రోజులది. 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయిన ఒక అధ్యయనం అమెరికాలోని డయాలిసిస్ రోగుల లెక్కలు తిరగేసింది. ఈ పెద్ద విరామం తర్వాతి రోజునే మరణాలూ, గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరేవాళ్లూ ఎక్కువని తేలింది. సోమవారం రిక్షా రాకపోతే ఏమవుతుందో సెంటరులోని నర్సుకు తెలుసు. అందుకే ఇంకా రానివాళ్ల ఇళ్లకు ఆమె ఫోన్ చేస్తూనే ఉంది.

కొడుకు ఇక్కడి నుంచే ఖాతాకు, అంటే సాంచాలు నడిచే షెడ్డుకు, వెళ్లిపోయాడు. పొద్దుటి పాళీ. ఈ మూడు రోజులూ ఎంత పరుగెత్తినా ఆలస్యమే. మీటరు లెక్కన కూలి కాబట్టి ఆగిన సాంచాకు డబ్బు లేదు.

డయాలిసిస్ నాలుగు గంటలు. బయట బెంచీ మీద తోడు వచ్చినవాళ్లు మాట్లాడుకునేది మందుల గురించి తక్కువ, బండి గురించి ఎక్కువ. గుజరాత్‌లో 2012లో మొదలైన "మా" ఆరోగ్య పథకం దారి ఖర్చులకని 300 రూపాయలు పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో డయాలిసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. ఆ డబ్బు చాలా ఇళ్లను నిలబెట్టింది, కాదనలేం. కానీ నోట్లు కుర్చీని మోయవు. అమెరికాలో పేదలకిచ్చే మెడికెయిడ్ వైద్యంలో, ఆసుపత్రికి చేర్చే బాధ్యత కూడా రాష్ట్రాలదేనని 1966 నుంచి నిబంధన ఉంది. అక్కడా బండ్లు ఆలస్యమవుతాయి, ఫిర్యాదులు ఉంటాయి. అయినా చేర్చడం కూడా వైద్యంలో భాగమేనని కాగితం మీద ఉంది. సూరత్ లాంటి ఊరికి అది అందని పనేమీ కాదు. పేటకో ర్యాంపు బండి, మెట్లు దింపడం నేర్చిన ఇద్దరు మనుషులు, ఏ ఇంటికి ఏ రోజు ఎన్ని గంటలకో రాసి ఉన్న పట్టీ. అడగాల్సింది అంతే, గట్టిగా అడగాలి.

పదకొండున్నర. సూదులు తీసిన చోట గాజుగుడ్డ అదిమి పట్టుకుని పెద్దాయన పడుకుని ఉన్నాడు. ముఖం పాలిపోయింది. బీపీ తగ్గింది. నర్సు ముందు కాళ్లు కిందికి వేలాడేసి కూర్చోబెట్టింది, కాసేపు ఆగి మళ్లీ బీపీ చూసింది. వచ్చేటప్పుడు ఒంట్లో నీరు ఎక్కువై ఆయాసం, వెళ్లేటప్పుడు నీరు లాగేసి నీరసం. పొద్దున సొంతంగా మెడ నిలిపిన మనిషి ఇప్పుడు మీ భుజానికి ఆనుకున్నాడు. ఇంటికి చేర్చే ప్రయాణమే ఎక్కువ కష్టం. సాయపడే చేతులు తక్కువుండేది కూడా అప్పుడే.

సొసైటీ కింద రిక్షా ఆగింది. పక్క వాటాలో రాత్రి పాళీ చేసి పడుకున్న కుర్రాడిని పెద్దావిడ లేపి తెచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, అయినా ఏమీ అనకుండా కుర్చీ వీపు పట్టుకున్నాడు. ఎక్కేటప్పుడు వీపు ముందు వెళ్లాలి. ఒక్కో మెట్టుకూ ఆగాలి. రెండో అంతస్తులో మీ వేళ్లు జారబోయాయి, కుర్చీని మెట్టు మీద ఆనించి ఊపిరి తీసుకున్నారు. పెద్దాయన మెల్లగా "నిమ్మళంగ, బిడ్డా" అన్నాడు.

డ్రైవరు పైదాకా వచ్చాడు. డబ్బులకు కాదు. దీపావళికి తను జళ్‌గావ్ దగ్గర ఊరికి పోవాలట, పది రోజులు ఉండడట. దీపావళికి సూరత్ సగం ఖాళీ అవుతుంది, సాంచాలు ఆగుతాయి, రిక్షాలు దొరకవు. డయాలిసిస్‌కు మాత్రం సెలవు లేదు. పెద్దావిడ చేతిలో మంచినీళ్ల గ్లాసు అలాగే ఉండిపోయింది. ఎవరెవరు ఊళ్లో ఉంటారో ఒక్కొక్కరి పేరే అనుకుంటోంది.

డ్రైవరు తన బావమరిది సంగతి చెప్పాడు. రిక్షా నడుపుతాడు, పండక్కి ఇక్కడే ఉంటాడు, కానీ ఈ పని ఎప్పుడూ చేయలేదు. బుధవారం వాణ్ని కూడా తీసుకొస్తానని, అందరికన్నా పావుగంట ముందే వస్తామని అన్నాడు. మలుపు చూపించాలి, చీర ముడి చూపించాలి, ఆ ఎడమ చేయి సంగతి పెద్దావిడే చెప్పాలి.

"అయిదుంబావుకు తలుపు తీసే ఉంచుత" అంది ఆమె.