ఓడిన దేశాన్ని ఏలడం

జాన్ డవర్ రచించిన ‘ఎంబ్రేసింగ్ డిఫీట్’ 1999లో వెలువడింది. రెండో ప్రపంచయుద్ధంలో ఓడిన జపాన్ ఆ ఓటమిని ఎలా భరించిందో, తనను జయించినవారితో ఎలా వేగిందో చెప్పే పెద్ద పుస్తకం. పులిట్జర్ బహుమతి కూడా పొందింది. నేను దాన్ని 2003 వేసవిలో చదివాను. ఒక వాదనలో నెగ్గడానికి చదివానని ఒప్పుకోవాలి.

ఆ ఏడాది ఫిబ్రవరి 26న అధ్యక్షుడు బుష్ వాషింగ్టన్‌లో చేసిన ప్రసంగంలో జర్మనీ, జపాన్‌ల ప్రస్తావన తెచ్చారు. శత్రువులను ఓడించాక మనం అక్కడ ఆక్రమణ సేనలను గాక రాజ్యాంగాలనూ పార్లమెంటులనూ విడిచివచ్చామన్నది ఆ ప్రస్తావన సారాంశం. (రెండు దేశాల్లోనూ అమెరికన్ స్థావరాలు నేటికీ ఉన్నాయి. ఒకినావా 1972 దాకా అమెరికా పాలనలోనే ఉంది. అప్పుడు నాకవి గుర్తుకు రాలేదు.) ఆసుపత్రి భోజనశాలలో ఈ మాటను నేను చాలాసార్లు వల్లించాను. నాకు ఎదురుగా తరచు కూర్చునే మత్తువైద్యుడు బాగ్దాద్‌లో చదువుకున్నవాడు. సద్దాం పాలనను అసహ్యించుకొని దేశం విడిచినవాడు. అతడు వాదించేవాడు కాడు, వినేవాడు. అతణ్ణి ఒప్పించాలనే డవర్‌ను చేతిలోకి తీసుకున్నాను. వంద పుటలు దాటేసరికి నా పక్షం బలహీనపడింది.

1945 సెప్టెంబరు 2న లొంగుబాటు పత్రాల మీద సంతకాలయ్యాయి. జపాన్‌ను నేరుగా సైనికపాలన కిందికి తెచ్చే ప్రకటనలు అప్పటికే సిద్ధమై ఉన్నాయి. మర్నాడే జపాన్ విదేశాంగమంత్రి షిగెమిత్సు వెళ్లి మెకార్థర్‌ను కలిసి, ఆజ్ఞలు మీవి, అమలు మాది అన్న పద్ధతికి ఒప్పించాడు. ఆ ప్రకటనలు ఆగిపోయాయి. తరువాతి ఆరున్నరేళ్లూ, అంటే 1952 ఏప్రిల్ 28 వరకూ, అమెరికన్లు జపాన్‌ను జపనీయ ప్రభుత్వం ద్వారానే పాలించారు. అదే మంత్రివర్గ వ్యవస్థ, అవే కార్యాలయాలు, చాలావరకు ఆ గుమాస్తాలే. యుద్ధనేరాలతో, సైనికవాదంతో సంబంధం ఉన్నవారిని పదవుల నుంచి తొలగించారు. అలాంటివారు రెండు లక్షల పైచిలుకు. అయితే వారిలో అత్యధికులు సైనికాధికారులే. పౌర కార్యాలయాల్లో వేటు పడినవారు బహు కొద్దిమంది.

సైన్యం మాట మరీ ఆసక్తికరం. జపాన్ సైన్యాన్ని రద్దుచేసిన మాట నిజమే. కానీ రద్దుచేసే పని ఎవరికి అప్పగించారు? ఆ సైన్యపు కార్యాలయాలకే. 1945 డిసెంబరులో సైనిక, నౌకాదళ మంత్రిత్వశాఖలకు ‘సైనిక విసర్జన మంత్రిత్వశాఖలు’గా పేరు మార్చి, ఖండమంతటా చెదిరివున్న లక్షల మంది సిపాయిలను ఇళ్లకు చేర్చే బాధ్యత వాటి నెత్తినే పెట్టారు. పేర్ల పట్టికలు ఎవరి దగ్గరుంటే వారే ఆ పని చేయగలరు. ఇంత చిన్న వివేకం ఒక దేశపు గతిని మార్చగలదని ఆ పుటలు చదివేదాకా నాకు తోచలేదు.

భూసంస్కరణ సంగతీ అంతే. దాన్ని మెకార్థర్ దయగా చెప్పుకోవడం పరిపాటి. నిజానికి జపాన్ వ్యవసాయశాఖ అధికారులు తమంతట తామే ముసాయిదా తయారుచేసుకున్నారు. ఆక్రమణాధికారులు దానికి పదును పెట్టారు. ప్రతి గ్రామంలోనూ ఎన్నికైన భూసంఘం ఏర్పడింది. అందులో కౌలుదార్లు ఐదుగురు, భూస్వాములు ముగ్గురు, సొంత సేద్యగాళ్లు ఇద్దరు. సాగుభూమిలో 46 శాతం దాకా ఉన్న కౌలుభూమి కొద్ది ఏళ్లలో 10 శాతం దగ్గరికి దిగింది. ఆ సంస్కరణకు సలహాదారుగా పనిచేసిన వుల్ఫ్ లడెజిన్స్కీ తరువాత భారతదేశానికి వచ్చి, మన ప్రణాళికాసంఘం కోసం కౌలు పరిస్థితులు పరిశీలించాడు. ఆయన చూసిన జిల్లాల్లో పశ్చిమగోదావరి ఒకటి. 1965లో వెలువడిన ఆ నివేదికకు పట్టిన గతి మన కౌలురైతులకు నేను చెప్పనక్కరలేదు. మనిషి ఒకడే, విద్య ఒకటే. జపాన్‌లో ఆ విద్యను అందుకొని నడిపిన యంత్రాంగం మాత్రం ఇక్కడ లేదు.

జపాన్ గాథ ఇంతటితో ముగిస్తే అది కూడా ప్రచారమే అవుతుంది. ఆ వివేకానికి మూల్యం చెల్లించవలసి వచ్చింది. చక్రవర్తి మీద విచారణ లేదు. ప్రథమశ్రేణి యుద్ధనేరస్థుడన్న అనుమానంతో నిర్బంధించిన కిషి నొబుసుకెను 1948 డిసెంబరులో విడిచిపెట్టారు. 1957లో అతడే ప్రధానమంత్రి. వైద్యుడిగా నన్ను ఎక్కువ బాధించేది ఇషీ షిరో ఉదంతం. సైనికవైద్యుడైన ఇతడు మంచూరియాలో హార్బిన్ దగ్గర బందీల మీద ప్లేగు మొదలైన వ్యాధులతో ప్రయోగాలు చేయించాడు. ఆ ప్రయోగాల సమాచారం తమకు అప్పగిస్తే విచారణ ఉండదని అమెరికన్లు బేరం కుదుర్చుకున్నారు. సరిగ్గా ఆ కాలంలోనే న్యూరెంబర్గ్‌లో నాజీ వైద్యులను బోనెక్కించారు. మేము విద్యార్థి దశలో చదువుకున్న న్యూరెంబర్గ్ నియమావళి ఆ తీర్పులో పుట్టిందే. ఇషీ పేరు మా పాఠాల్లో లేదు. టోక్యో విచారణలో భిన్నమైన తీర్పు రాసిన రాధావినోద్ పాల్‌ను మనవాళ్లు గర్వంగా తలుచుకుంటారు. ఆయన వాదనతో నేను ఏకీభవించను. అయినా అది విజేతల న్యాయమన్న ఆయన ఆక్షేపణను ఇషీ ఉదంతం చదివాక తోసిపుచ్చడం నాకు కష్టమైంది.

ఇక ఇరాక్. 2003 ఏప్రిల్ 9న బాగ్దాద్ పడిపోయింది. మే 12న పాల్ బ్రెమర్ అక్కడ దిగాడు. మే 16న మొదటి ఉత్తర్వు వెలువడింది. బాత్ పార్టీలో పై నాలుగు శ్రేణుల వారందరూ ప్రభుత్వోద్యోగాలకు అనర్హులు. అంతేకాదు, ప్రతి ప్రభుత్వసంస్థలోనూ పై మూడు అంతస్తుల అధికారుల్లో పార్టీ పూర్తిసభ్యత్వం ఉన్నవారు తొలగవలసిందే. ఆ సంస్థలకు ఉదాహరణలుగా ఉత్తర్వు పేర్కొన్నవి విశ్వవిద్యాలయాలూ, ఆసుపత్రులూ. మొదటిసారి చదివినప్పుడు ఆ మాట దగ్గర ఆగిపోయాను. పార్టీ సభ్యత్వం లేనిదే పదోన్నతి దొరకని దేశంలో శస్త్రచికిత్సా విభాగానికి అధిపతి ఎవరై ఉంటాడు?

మే 23న రెండో ఉత్తర్వు. ఆ ఒక్క కాగితంతో సైన్యం రద్దయింది. లక్షల మందికి జీతం లేదు, దగ్గర ఆయుధం ఉంది. జపాన్‌లో విసర్జన మంత్రిత్వశాఖ చేసినట్టు వారిని లెక్కపెట్టి ఇళ్లకు పంపే కార్యాలయం లేదు, ఎందుకంటే అదే ఉత్తర్వు రక్షణ మంత్రిత్వశాఖను కూడా రద్దుచేసింది. జూన్ 18న జీతాల కోసం బాగ్దాద్‌లో గుమిగూడిన మాజీ సైనికుల మీద కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు. కొద్దిరోజుల తరువాతనే భృతి ప్రకటన వచ్చింది. 2014లో మోసుల్‌ను ఆక్రమించిన మూక నాయకత్వంలో సద్దాం సైన్యపు మాజీ అధికారులు తేలడం చూసి ఆశ్చర్యపోయినవారు ఈ తేదీలను మరిచినవారే.

ఆరోగ్యశాఖ కథను వాషింగ్టన్ పోస్ట్ విలేకరి రాజీవ్ చంద్రశేఖరన్ 2006లో వచ్చిన తన పుస్తకంలో చెప్పాడు. యుద్ధాలూ విపత్తుల నడుమ వైద్యసేవల నిర్వహణలో ఆరితేరిన వైద్యుణ్ణి తప్పించి, మిషిగన్ రాష్ట్ర ఆరోగ్యశాఖను నడిపిన ఒక సాంఘిక సేవాధికారిని పంపారట. అధికారపక్షానికి దగ్గరివాడు. ప్రసూతిశాలల్లో మందులు లేని రోజుల్లో పొగతాగడంపై ప్రచారానికీ, ప్రభుత్వ ఔషధ సరఫరాను ప్రైవేటుపరం చేయడానికీ ఆయన శ్రమించాడట. దుర్మార్గుడని కాదు. తన ఊళ్లో ఫలించిన చికిత్సను వెంట తెచ్చుకున్నాడు. రోగిని పరీక్షించలేదు. బ్రెమర్ యంత్రాంగం 2004 జూన్ 28న నిష్క్రమించేలోగా 100 ఉత్తర్వులు జారీచేసింది. వాటి మీద రాష్ట్రవాసిగా నాకు కలిగే అనుమానం ఒక్కటే: అవి చదవవలసింది ఇరాకీలైనా, మెప్పించవలసింది వాషింగ్టన్‌ను.

హెచ్చరించినవారు లేకపోలేదు. సైన్యాధిపతి జనరల్ షిన్సెకీ కొన్ని లక్షల సైనికులు కావాలని సెనేట్ సంఘానికి చెప్పాడు. రెండురోజుల్లోనే రక్షణశాఖ ఉపమంత్రి ఆ లెక్కను కొట్టిపారేశాడు. డవర్ స్వయంగా, జపాన్‌ను ఇరాక్‌కు నమూనాగా చూపవద్దని యుద్ధానికి ముందే రాశాడు. టోక్యోలో రాజ్యయంత్రం చెక్కుచెదరకుండా ఉందనీ, చక్రవర్తి నోటివెంటే ఓటమి ప్రకటన వచ్చిందనీ, ప్రజలు యుద్ధంతో విసిగివున్నారనీ గుర్తుచేశాడు. ప్రభుత్వం ఆయన వర్ణించిన ఫలితాన్ని తీసుకుంది, కారణాలను వదిలేసింది. నేనూ చేసింది అదే. జయించినవాణ్ణి చివరికి ఓడినవాడు మెచ్చుకున్న కథలు చరిత్రలో అరుదు గనుక, దొరికిన ఒకటి రెండింటిని వదులుకోబుద్ధి కాదు.

ఇందులో భారతదేశానికీ ఒక పాత్ర ఉంది. 1917 మార్చిలో బ్రిటిష్ సేనాని మాడ్ బాగ్దాద్ చేరి, తాము విజేతలుగా గాక విమోచకులుగా వచ్చామని ప్రకటించాడు. ఆ సేనలో అధికభాగం భారతీయ సిపాయిలే. అంతకు ముందటేడు కూత్ ముట్టడిలో ఆకలికి మాడి లొంగిపోయినవారిలోనూ ఎక్కువమంది మనవాళ్లే. 1920లో ఇరాక్ తిరగబడితే అణచడానికి మళ్లీ ఇక్కడి నుంచే సేనలు వెళ్లాయి. ఇరాక్‌లో 1932 దాకా చెల్లిన నాణెం మన రూపాయి.

2003లో అమెరికా మళ్లీ మన సైనికులను అడిగింది, ఈసారి ఒక డివిజన్. జూలై 14న వాజపేయి ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి ఆదేశం లేనిదే పంపబోమని తేల్చింది. మా ఊరి తెలుగు మిత్రుల్లో చాలామందికి ఆ నిర్ణయం నచ్చలేదు. పెద్ద శక్తిగా ఎదిగే అవకాశం చేజారిందన్నారు. డవర్ అప్పటికి సగం కూడా పూర్తికాలేదు, అయినా అలవాటు కొద్దీ నేనూ భోజనశాలలో అదే అన్నాను.

మత్తువైద్యుడు ఆ రోజు మొదటిసారి జవాబిచ్చాడు. తన తాత చనిపోయేదాకా దినార్లను రూపాయల్లోకి మార్చి లెక్కపెట్టుకునేవాడట. “మీవాళ్లు ఒకసారి వచ్చివెళ్లారు కదా” అని, పళ్లెం తీసుకొని లేచాడు.