అండాశయంలో నల్ల చుక్కల లెక్క

1955 జులైలో గ్లాస్గో విశ్వవిద్యాలయ ప్రసూతి వైద్యాచార్యుడు ఇయాన్ డొనాల్డ్, దగ్గరలోని రెన్‌ఫ్రూలో బాయిలర్లు తయారుచేసే బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ ఫ్యాక్టరీకి వెళ్లాడు. కారు డిక్కీలో ఆపరేషన్లలో తీసిన గర్భాశయ గడ్డలు, అండాశయపు నీటితిత్తులు ఉన్నాయి. లోహంలో పగుళ్లు పట్టే అల్ట్రాసౌండ్ యంత్రాన్ని వాటిమీద ఆనించి చూశాడు. పోల్చుకోవడానికి పెద్ద మాంసం ముక్కను ఫ్యాక్టరీ వాళ్లే ఇచ్చారు. గట్టి గడ్డ ప్రతిధ్వని ఒక తీరు, నీటితిత్తిది మరో తీరు!

ఈ సంగతి విన్న టామ్ బ్రౌన్ అనే కుర్ర ఇంజినీరు తనంతట తానే డొనాల్డ్‌కు ఫోన్ చేశాడు. క్యాన్సర్ ముదిరిందని అందరూ ఆశ వదులుకున్న ఒక స్త్రీ కడుపులో ఉన్నది తీసేయగల నీటితిత్తేనని వాళ్ల యంత్రం పట్టేసింది. ఆమె బతికింది. డొనాల్డ్, బ్రౌన్‌లు సహచరుడు మాక్‌వికార్‌తో కలిసి రాసిన వ్యాసం 1958లో లాన్సెట్ పత్రికలో వచ్చింది.

అండాన్ని పెంచే ఫాలికిల్ కూడా చిన్న నీటితిత్తే. లోపలి ద్రవం ధ్వనిని తిప్పికొట్టదు కనుక తెరమీద నల్లగా కనిపిస్తుంది. 1972లో వియన్నాలో క్రాటోక్‌విల్ బృందం ఫాలికిల్‌ను స్కానింగ్‌లో చూపించింది. 1979లో హాకెలోయర్ బృందం దాని ఎదుగుదలకూ రక్తంలో ఈస్ట్రడయాల్ హార్మోన్ పెరుగుదలకూ పొంతన చూపింది. అప్పట్లో నీళ్లు తాగి, మూత్రం బిగబట్టుకుని, పొట్టమీద నుంచి స్కాన్ తీయించుకోవాలి. 1980లలో యోని ద్వారా చూసే ప్రోబ్ వచ్చి ఆ అవస్థ తప్పించింది. అండాశయం దగ్గరగా, స్పష్టంగా కనబడేసరికి చిన్న ఫాలికిల్స్‌ను లెక్కించడం సాధ్యమైంది. 1990ల చివర్లో ఆ లెక్క వయసుతో తగ్గుతుందనీ, ఐవీఎఫ్‌లో వచ్చే అండాల సంఖ్యను ముందే అంచనా కట్టవచ్చనీ అధ్యయనాలు తేల్చాయి. అదే ఏఎఫ్‌సి (యాంట్రల్ ఫాలికిల్ కౌంట్). నెలసరి మొదలైన రెండో రోజు నుంచి నాలుగో రోజులోపు రెండు అండాశయాల్లోనూ 2 నుంచి 10 మిల్లీమీటర్ల ఫాలికిల్స్‌ను లెక్కపెడతారు. 2011 నాటి బొలోన్యా ప్రమాణాల ప్రకారం 5-7 కంటే తగ్గితే అండాల నిల్వ తక్కువన్నట్టు.

అసలు నిల్వ మాత్రం ఏ స్కానింగుకూ కనబడదు. పుట్టినప్పుడు పది, ఇరవై లక్షలుండి, రజస్వల అయ్యేనాటికి మూడు, నాలుగు లక్షలకు తగ్గే ఆ ఆదిమ ఫాలికిల్స్ అంత సూక్ష్మం. ఆ నెల పైకి వచ్చినవాటిని బట్టి లోపలున్నవాటిని ఊహిస్తున్నామంతే. అండం నాణ్యత కూడా ఇందులో తెలియదు. అది ఎక్కువగా వయసును బట్టి ఉంటుంది. ఐవీఎఫ్‌లో ఇంజెక్షన్ల మోతాదు నిర్ణయించడానికి ఈ అంకెకు మించిన సాయం తక్కువే. ఏఎంహెచ్ రక్తపరీక్ష ఒక్కటే దీనికి సాటి. కానీ సహజంగా గర్భం వస్తుందా రాదా అని చెప్పే శక్తి ఏఎఫ్‌సికి లేదు.

కాబట్టి రిపోర్టులో ఏఎఫ్‌సి తక్కువని రాసి ఉన్నంత మాత్రాన ఇంటి కోడలిని గొడ్రాలని అనకండి. అబ్బాయికి వీర్యపరీక్ష చేయించారా లేదా, ముందు అది చూడండి.