కంచరగాడిదల బాట

మొన్న శనివారం పొద్దున్నే పోటోమాక్ నది పక్కన సైకిలు తొక్కాను. జార్జిటౌన్ నుంచి కంబర్లాండ్ దాకా 184.5 మైళ్ళ బాట అది (నేను తొక్కింది ఇరవయ్యే లెండి!). అసలు ఇది సైకిళ్ళ కోసం వేసింది కాదు. పక్క కాలువలో బొగ్గు పడవల్ని తాళ్ళతో లాగుతూ కంచరగాడిదలు నడిచిన గట్టు.

1828 జూలై 4న తవ్వకం మొదలైంది. అదే రోజు బాల్టిమోర్‌లో రైలుమార్గానికి శంకుస్థాపన! రైలు 1842లోనే కంబర్లాండ్ చేరింది, కాలువకి 1850 దాకా పట్టింది. 1924 వరదలతో పడవలు ఆగిపోయాయి.

తర్వాత ఇక్కడ కార్ల రోడ్డు వేద్దామన్నారు. వాషింగ్టన్ పోస్ట్ సరేనంది. సుప్రీంకోర్టు జడ్జి విలియం డగ్లస్‌కి ఒళ్ళు మండి, 'నాతో నడిచి చూడండి' అని ఆ సంపాదకుల్ని పిలిచాడు. 1954లో ఎనిమిది రోజులు నడిచాడు. పత్రిక మెత్తబడింది. 1971లో ఇది జాతీయ పార్కయింది.

మా గోదావరి కాలువ గట్టున పడవల్ని మనుషులే లాగేవారని తాతయ్య చెప్పేవారు. ఆ గట్టు మీద ఇప్పుడు తారురోడ్డుంది.