పాలు లేని మీగడ: పప్పు, పండు కలిసిన పానీయపు చరిత్ర

క్రీ.శ. 1430 ప్రాంతమున ఇంగ్లండులో వ్రాయబడిన ఒక వంటల పుస్తకపు వ్రాతప్రతి నేడు లండనులోని బ్రిటిష్ గ్రంథాలయమున భద్రముగా ఉన్నది. అందు స్ట్రాబెర్రీ పండ్లతో చేయు వంటకమొకటి కలదు. పండ్లను ఎర్రని ద్రాక్షసారాలో కడిగి, గుడ్డగుండా వడియగట్టి, ఆ గుజ్జును బాదము పాలలో కలిపి, బియ్యపు పిండితో చిక్కబరచి ఉడికించవలెను. పిమ్మట ఎండు ద్రాక్ష, కుంకుమపువ్వు, మిరియాలు, అల్లపు పొడి, దాల్చినచెక్క వేసి, పంచదారను ధారాళముగా చేర్చవలెను. పైన దానిమ్మ గింజలు చల్లవలెను. మిరియాలను, పొయ్యిని పక్కన పెట్టినచో, నేడు పట్టణములలో 'స్మూతీ' అను పేరుతో గాజు గ్లాసులలో పోసి అమ్ముచున్న పానీయమునకు ఇది దగ్గరి బంధువే. పప్పు, పండు, తీపి, మీగడ వంటి చిక్కదనము అన్నియు ఇందున్నవి. పాలచుక్క మాత్రము లేదు.

పాలు లేనిచోట మీగడ ఎక్కడినుండి వచ్చినది?

బాదము పప్పు బరువులో ఇంచుమించు సగము నూనె, అయిదవ వంతు మాంసకృత్తులు. ఈ నూనె పప్పులో ఒకే ముద్దగా నిలిచియుండదు. ప్రతి కణము లోపలను అతి సూక్ష్మమైన బిందువులుగా విడివిడిగా ఉండును. ప్రతి బిందువు చుట్టును ఫాస్ఫోలిపిడ్ల పలుచని పొర, ఆ పొరలో గ్రుచ్చుకొనిన ఓలియోసిన్ అను మాంసకృత్తులు ఉండి, ఒక బిందువు మరియొక బిందువులో కలిసిపోకుండ కాపాడుచున్నవి. విత్తనము మొలకెత్తునపుడు పసిమొక్కకు తొలి ఆహారము ఈ నూనెయే. నూనె బిందువులు నీటిలో చెదరి నిలిచియుండు పదార్థమును రసాయన శాస్త్రజ్ఞులు ఎమల్షను అందురు. ఆవు పాలు అట్టి ఎమల్షనే. కావున బాదమును నూరి పాలు తీయువారు ఎమల్షనును కొత్తగా సృష్టించుట లేదు. ప్రకృతి ముందే సిద్ధము చేసి కణపు గోడల వెనుక దాచియుంచిన దానిని వెలికి తీయుచున్నారు, అంతే. అందుకు గోడలు పగులగొట్టిన చాలును.

అయితే కష్టమంతయు ఆ పగులగొట్టుటలోనే ఉన్నది. బాదము కణము వెడల్పు కొన్ని పదుల మైక్రానులు మాత్రమే. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. సుమారు 30 మైక్రానులకు మించిన గట్టి పలుకులు నాలుకకు ఇసుకవలె తగులును. అనగా నాలుకకు మెత్తగా తోచునంత వరకు నూరుటయు, కణములను పగులగొట్టుటయు ఇంచుమించు ఒకే పని. కచ్చాపచ్చాగా నూరిన పప్పు గరగరలాడుటయే కాదు, అందలి నూనెలో కొంత గోడల వెనుకనే చిక్కుకొనిపోవును. నమిలి మ్రింగిన బాదములో కూడ కొన్ని కణములు పగులక, జీర్ణముగాక పేగులను దాటిపోవుచున్నవని ఆహార శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినిలో చూచిరి.

మధ్యయుగపు ఐరోపాలో ఈ శ్రమకు పూనుకొనుటకు బలమైన కారణమున్నది. ఈస్టరు పండుగకు ముందు 40 దినముల ఉపవాస కాలమున మాంసము, పాలు, వెన్న, గ్రుడ్లు నిషిద్ధములు. పైగా శీతలీకరణము లేని ఆ దినములలో పాలు త్వరగా చెడిపోయెడివి. బాదము పప్పు నెలల తరబడి నిలువయుండును; కావలసిననాడు కావలసినన్ని పాలు తీసికొనవచ్చును. 1390 ప్రాంతమున ఇంగ్లండు రాజు రెండవ రిచర్డు వంటవారు కూర్చిన 'ది ఫోర్మ్ ఆఫ్ క్యూరీ' అను గ్రంథములో బాదము పాలు అడుగడుగునను కనిపించును. కాని ఇది అందరి వంట కాదు. బాదము మధ్యధరా ప్రాంతమునుండి ఓడలలో రావలెను. దానిని రాతి రోటిలో దంచి, నూరి, నీరు పోసి, గుడ్డలో పిండుటకు పనివాండ్రు ఉండవలెను. ఈ పుస్తకములు 'నూరుము' అని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు సాగిపోవును. ఎంతసేపు నూరవలెనో, ఎవరు నూరిరో చెప్పవు.

భారతదేశములోను ఇదే కథ. ఉత్తరాదిన శివరాత్రికి, హోళీకి చేయు ఠండాయిలో బాదము, పుచ్చగింజల పప్పు, గసగసాలు, సోంపు రాతిపై మెత్తగా నూరి పాలలో కలుపుదురు. తెలుగువారు పాయసములో పోయు కొబ్బరిపాలు కూడ ఈ సూత్రము మీదనే వచ్చును: తురిమి, రుబ్బి, పిండుట. ఇప్పుడు పలాసకు, వేటపాలెమునకు పేరు తెచ్చిన జీడిపప్పు మన దేశపు పంట కాదు. 16వ శతాబ్దిలో పోర్చుగీసువారు బ్రెజిల్ నుండి తెచ్చిన చెట్టు అది. బాదముతో పోల్చినచో జీడిపప్పు మెత్తన, పీచు తక్కువ. అందువలన నూరిన తరువాత వడియగట్టు పని తప్పును. రుబ్బురోలు, సన్నికల్లు, పొత్రము ఇంటింటను ఉండెడివి. పెండ్లిలో వధువు చేత సన్నికల్లు తొక్కించుట ఆచారము. పెండ్లియైన పిదప ఆమె ఆ రాతి ముందు గడిపిన గంటలను లెక్క కట్టినవారు లేరు.

రాతి స్థానమును ఉక్కు ఆక్రమించిన కథ అమెరికాలో మొదలైనది. విస్కాన్సిన్ రాష్ట్రములో రాసీన్ అను పట్టణము కలదు. మన ఇండ్లలో చిరపరిచితమైన హార్లిక్స్ అక్కడిదే. ఇంగ్లండు నుండి వలసపోయిన హార్లిక్ సోదరులు మాల్టు కలిపిన పాలపొడికి 1883లో పేటెంటు పొందిరి. సోడా దుకాణములలో ఆ పొడిని చల్లని పాలలో కలిపి ఇచ్చుట వాడుకయైనది. కాని పొడి ఉండలు కట్టెడిది. అప్పటి కలుపు యంత్రములలో కడ్డీ పైనుండి గ్లాసులోనికి దిగెడిది. ఆ రాసీన్ లోనే నివసించు పోలిష్ సంతతివాడు స్టీఫెన్ పోప్లావ్‌స్కీ 1922లో తిరుగు బ్లేడును పాత్ర అడుగున అమర్చెను.

చూచుటకు చిన్న మార్పు. కాని దాని ఫలితము పెద్దది. అడుగున వేగముగా తిరుగు బ్లేడు ద్రవమును అంచులకు నెట్టును. అది గోడల వెంబడి పైకెక్కి, మధ్యనున్న సుడిలోనికి జారి, తిరిగి బ్లేడు మీదనే పడును. రోటిలో చేతితో ముద్దను మాటిమాటికి లోపలికి త్రోయవలసిన పనిని సుడిగుండమే చేయుచున్నది.

ఫ్రెడరిక్ ఓషియస్ ఈ యంత్రమును మెరుగుపరచి, పెట్టుబడి కొరకు 1936లో ఫ్రెడ్ వేరింగ్ అను ప్రసిద్ధ వాద్యబృంద నాయకుని ఆశ్రయించెను. 1937లో షికాగోలో జరిగిన హోటళ్ళ ప్రదర్శనలో అది 29.75 డాలర్ల వెలతో జనుల ముందుకు వచ్చినది. సంగీతజ్ఞుని పేరుతో వంటింటి యంత్రము వెలయుట వింతయే. అంతకంటె వింత 1952లో జరిగినది. కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలలో ఆల్ఫ్రెడ్ హెర్షీ, మార్తా చేజ్ అనువారు బాక్టీరియాలను ఆశ్రయించు వైరసులను పరిశీలించుచుండిరి. బాక్టీరియా వెలుపల అంటుకొనియున్న వైరసు తొడుగులను, కణమును చంపకుండ విడదీయవలసి వచ్చినది. అందుకు వారికి అక్కరకు వచ్చినది వేరింగ్ బ్లెండరే. తొడుగులలోని మాంసకృత్తులు చాలవరకు వెలుపలనే ఉండిపోయినవి. లోపలికి పోయినది డి.ఎన్.ఏ. అనువంశికత రహస్యము డి.ఎన్.ఏ.లో ఉన్నదనుటకు ఇది బలమైన సాక్ష్యమైనది. 1969లో హెర్షీకి మరి ఇద్దరితో పాటు నోబెల్ బహుమానము లభించినది. మార్తా చేజ్‌కు అందులో భాగము లేదు.

పానీయము సంగతి: 1973లో అమెరికాలోని లూసియానా రాష్ట్రమున స్టీవ్ కూనౌ అను నతడు స్మూతీల దుకాణము తెరచెను. అతనికి పాలు సరిపడవు. ఉపవాసమునకు బదులు అజీర్తి. కారణము మారినను పాలు లేని మీగడ కొరకు వెదుకులాట మారలేదు.

పాశ్చాత్య బ్లెండరు పండ్లకు, పానీయములకు చాలును గాని, కొద్ది నీటితో మినపపప్పు రుబ్బుటకు, పసుపు కొమ్ములు పొడి చేయుటకు ఓర్వదు. 1960ల దశకములో బొంబాయిలోని ఇంజనీరు సత్యప్రకాశ్ మాథుర్ బలమైన మోటారుతో 'సుమీత్' మిక్సీని రూపొందించుటకు మూలము ఇంటిలో పాడైన విదేశపు యంత్రమే. తరువాతి రెండు మూడు దశాబ్దములలో మిక్సీ మధ్యతరగతి వంటిండ్లను ఆక్రమించి, రుబ్బురోలు పెరటికి చేరినది.

నేటి ఇంటిలో ఈ పానీయమును చేయుటకు పదిహేను బాదము పప్పులను రాత్రి నీటిలో నానవేయవలెను. నానిన పప్పు మెత్తబడును. వగరైన పై పొర సులువుగా ఊడును. ఆరు జీడిపప్పులను ఒక గంట నానవేసిన చాలును. మిక్సీలో మొదట ఈ పప్పులను, గింజ తీసిన మూడు ఖర్జూరములను అరగ్లాసు నీటితో మాత్రమే తిప్పవలెను. నీరు మరీ ఎక్కువైనచో పలుకులు బ్లేడుకు దొరకక తేలియాడును; మరీ తక్కువైనచో బ్లేడు చుట్టును గాలి గుల్ల ఏర్పడి అది ఊరకే తిరుగును. బొత్తిగా నీరు లేకున్నచో నూనె బిందువులు ఒకదానిలో ఒకటి కలిసి, పాలకు బదులు జిడ్డు ముద్ద మిగులును. రెండు మూడు నిమిషములు, నడుమ మోటారుకు విశ్రాంతి ఇచ్చుచు తిప్పి, వేళ్ళ మధ్య నలిపి చూచినపుడు పలుకు తగులకుండెనేని, అప్పుడు మామిడి గుజ్జుగాని, మాగిన చక్కెరకేళి పండుగాని, మరియొక గ్లాసు చల్లని నీటిని గాని చేర్చవచ్చును. చలువలో తీపి తక్కువగా తోచును గనుక రుచి చూచుట చివరన జరుగవలెను.

అరటిపండు కోసిన తరువాత గాలి తగిలి, ఎంజైముల చర్యవలన నల్లబడును. నాలుగు చుక్కల నిమ్మరసము ఆ చర్యను మందగింపజేయును. ఆవు పాలు వాడువారు మాత్రము పులుపును తగ్గించుకొనవలెను. పి.హెచ్. 4.6 దరిదాపులకు దిగినచో పాలలోని కేసీను విరిగిపోవును. పచ్చి అనాసలోని బ్రోమలెయిన్, బొప్పాయిలోని పపెయిన్ పాల మాంసకృత్తులను ముక్కలు చేయుటచే కొంతసేపటికి పానీయము చేదెక్కును. తరగతిలో ఉపాధ్యాయులు రెండు గ్లాసుల పాలతో దీనిని చూపవచ్చును: ఒకదానిలో పచ్చి అనాస, రెండవదానిలో ఉడికించి చల్లార్చిన అనాస. వేడికి ఎంజైము నశించుటచే రెండవది చేదెక్కదు. ఉపాధ్యాయులే రుచి చూచి చెప్పవలెను.

పండు కలుపని బాదము పాలను కొన్ని గంటలు శీతలపేటికలో కదల్చక ఉంచినచో పైన చిక్కని తెల్లని పొర తేలును. నీటికంటె నూనె తేలిక; బిందువులు విడివిడిగానే ఉండి పైకి చేరుకొన్నవి. సీసాను కుదిపినచో అవి తిరిగి నీటిలో కలిసిపోవును.